పారశీకుడికి మాటలుండవు

ఆగా పోయారని తెలిసి నేను మెయ్‌నూత్ నుంచి డండాక్ చేరేసరికి, ఫ్యూనరల్ హోమ్ ముందుగదిలో మహీన్ ఖానుం నల్లకోటు వేసుకుని, పెదాలకు ఎప్పటిలాగే రంగు వేసుకుని, నిటారుగా కూర్చుని ఉంది. ఐర్లండు మర్యాద ప్రకారం ఊళ్ళోవాళ్ళు వరసగా వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని, విచారం చెప్పి, పక్కగదిలోకి టీ తాగడానికి వెళ్తున్నారు. ఆ వరసలో వచ్చిన ఒక పెద్దమనిషి ఆవిడ చెయ్యి వదలకుండా అన్నాడు: "మీవారు పెర్షియన్ కదమ్మా. వాళ్ళెలాంటివాళ్ళో ఆ సినిమాలో చూశాం. అలాంటి జాతిలో ఇంత సాధువు ఎలా పుట్టాడా అని మేం ఇంట్లో అనుకుంటూ ఉంటాం." అతను మంచివాడే అయి ఉంటాడు. కళ్ళలో తడి కూడా ఉంది. శవపేటిక పక్కనే ఉంది. అందులో ఆగా, ఇస్త్రీ చొక్కా మీద టై కట్టుకుని, ఆఫీసుకు బయల్దేరబోతూ కాస్త నడుం వాల్చినట్టు పడుకుని ఉన్నారు. మహీన్ ఖానుం కొంచెం తల వంచి, "థాంక్యూ, మీది మంచి మనసు" అంది. ఒకప్పటి మహీన్ ఖానుం అయితే ఆ మనిషి ఆ గదిలోంచి అంత సులువుగా బయటపడేవాడు కాడు.

ఆగా అంటే వాళ్ళ భాషలో అయ్యగారు, ఖానుం అంటే అమ్మగారు. ఆయన అసలు పేరు సోరాబ్. డండాక్ కాలేజీలో చదువుకోవడానికి హనుమకొండ నుంచి వచ్చిన కొత్తలో, వాళ్ళింట్లో మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. అప్పట్లో ఆ ఊళ్ళో మనవాళ్ళు చాలా తక్కువ. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజున తలుపు తీయగానే వచ్చిన వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. గోడల చెమ్మ, పొయ్యిలో కాలే బొగ్గు, వాటి మీదుగా కుంకుమపువ్వు, ఎండిన నిమ్మకాయలు, వేయించిన ఉల్లిపాయలు. వంటింటి అలమర తలుపు తీస్తే చాలు, నల్లగా ఎండిన ఆ నిమ్మకాయల పులుపు నోట్లో నీళ్ళూరించేది. బల్ల మీద సమోవార్ అనే ఇత్తడి టీ కాగు పొద్దుటినుంచీ గుయ్యిమంటూ ఉండేది. ఆగా చక్కెర ముక్కను పళ్ళ మధ్య పెట్టుకుని దాని మీదుగా టీ పీల్చేవారు. పని ఉన్నా లేకపోయినా తెల్లవారగానే గడ్డం గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకునేవారు. స్వదేశంలో ఆయన వంతెనలు కట్టించిన ఇంజినీరు. ఆ చదువు ఇక్కడ చెల్లక ఒక గిడ్డంగిలో పనికి కుదిరారు. అక్కడికీ టై కట్టుకునే వెళ్ళేవారు.

మొదటి రోజు రాత్రి భోజనానికి పిలిచి, మహీన్ ఖానుం అన్నపు గిన్నె పళ్ళెంలో బోర్లించింది. గిన్నె అడుగున పట్టిన మాడు బంగారు రంగులో పైకి తేలింది. మా నాయనమ్మ ఇంట్లో ఆ మాడు కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. అక్కడ అది అనుకోకుండా అంటుకునేది. ఇక్కడ దాన్ని కావాలని మాడుస్తారు, దానికో పేరుంది, అది అతిథికే పెడతారు. మాట్లాడుతూ ఉంటే మా ఇంటి మాటలు ఆ ఇంట్లో ఒక్కొక్కటీ బయటపడ్డాయి. బజారు, దర్వాజ, జమీను, సర్కారు, అంగూరు. నేను 'అంగూర్' అనగానే ఆగా చెంచా కింద పెట్టి, "మళ్ళీ అను" అన్నారు. చిన్నప్పుడు తప్పిపోయిన చుట్టం ఎదురైనట్టుంది ఆయన మొహం. మహీన్ ఖానుం మాత్రం, "మీరు పాములు తింటారటగా?" అని అడిగింది. వాళ్ళ ఊళ్ళో ఎవరో అలాంటి సినిమా చూసి చెప్పారట. మేం తినం అని నేనన్నాక, "ఏమో, సినిమాలో తిన్నారు" అంది. ఆవిడ అలాంటి మనిషి. అరబ్బులంటే చులకన, తురుష్కులంటే చులకన, డండాక్ బ్రెడ్డంటే మరీ చులకన. మనసులో ఒకటి, నోట్లో ఒకటి ఉండేది కాదు.

ఆ ఇంట్లో తెగని తగువు ఒకటుండేది. ఎవరైనా ఏ దేశం అని అడిగితే ఆవిడ "పెర్షియన్" అనేది, ఆయన "ఇరానియన్" అనేవారు. "ఇరాన్ అంటే వీళ్ళకు టీవీలో అరుపులు గుర్తొస్తాయి. పెర్షియా అంటే తివాచీ, పిల్లి గుర్తొస్తాయి. నేను పిల్లి పక్కనే ఉంటాను" అనేది ఆవిడ. "మా అమ్మ నన్ను ఇరాన్‌లో కన్నది, తివాచీ దుకాణంలో కాదు" అనేవారు ఆయన. ఆగా ఊరు షీరాజ్. అక్కడికి దగ్గర్లోనే పాత రాజధాని శిథిలాలు. చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకెళ్ళి చూపించిన ఆ రాతి బొమ్మల గురించి ఆయన ఎన్నిసార్లయినా చెప్పేవారు. నానా దేశాలవాళ్ళూ కానుకలు పట్టుకుని మెట్లెక్కుతూ ఉంటారట. "మీవాళ్ళూ ఉన్నారమ్మా. పైన బట్టలేదు, నడుముకు పంచె, భుజాన కావడి. ముందున్నవాణ్ణి మావాడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నాడు. ఒక్కడి కాళ్ళకూ సంకెళ్ళు లేవు, చూడు" అనేవారు గర్వంగా. వంటింట్లోంచి మహీన్ ఖానుం అరిచేది: "చెక్కించింది రాజే కదా! వాడి సినిమాలో వాడు మంచివాడు కాక ఇంకెవరవుతారు?"

అలాంటి రోజుల్లో మా క్లాసు రఘు పరిగెత్తుకుంటూ వచ్చాడు. రఘుది జనగామ. నాలాగే ఒంటరిగా వచ్చినవాడు. వాడికి వంట రాదు కాబట్టి సగం భోజనాలు మహీన్ ఖానుం దగ్గరే. "సుజాతా, సిన్మా తీస్తున్నరటనే! పెద్ద ఇంగ్లిష్ సిన్మా, విక్లో కొండలల్ల, గ్రీకులకు పర్షియనోళ్ళకు లడాయి. పర్షియా సైన్యం కోసం నల్లగున్నోళ్ళు కావాల్నట" అన్నాడు. ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పీ చెప్పకముందే ఆగా కుర్చీలోంచి లేచారు. పారశీక దర్బారు ఉంటే అందులో ముసలి మంత్రులు ఉండరా? తన మొహం పనికిరాదా? మహీన్ ఖానుం నవ్వుతూనే ఆయన మంచి సూటు బయటికి తీసింది.

డబ్లిన్‌లో ఒక హోటల్ హాల్లో మనుషుల్ని ఎంచుతున్నారు. తోడుగా నేనూ వెళ్ళాను. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి రఘుని ఒక్క చూపు చూసి అటువైపు పొమ్మంది. సైన్యంలో ముందు వరస. ఆగాను మాత్రం అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లటి ఒళ్ళు, నెరిసిన జుట్టు, లేత గోధుమరంగు కళ్ళు. "సారీ అండీ, మీరు పెర్షియన్‌లా కనపడరు" అంది. ఆగా తనది షీరాజ్ అన్నారు. తాతముత్తాతలదీ షీరాజే అన్నారు. "నిజమే కావచ్చు, కానీ చూసేవాళ్ళకు ఆ సంగతి తెలియదు కదా" అని, ఆ పిల్ల ఏదో మేలు చేస్తున్నట్టు నవ్వి, ఆయన్ని గ్రీకుల వైపు పంపింది. ఏథెన్స్ పెద్దల సభలో ఒక వివేకి. తెల్లబట్ట కప్పుకుని తల ఊపాలి.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆగా ఈ సంగతి చెబితే మహీన్ ఖానుం ముందు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయి, "అంటే మనం ఎలా ఉంటామో మనల్ని అడగరు. వెళ్ళొద్దు" అంది. ఆగా వెళ్తానన్నారు. అక్కడ ఎవరో ఒకరు వింటారని, తప్పులుంటే చెప్పవచ్చని ఆయన ఆశ. చదువుకున్నవాళ్ళు తీసే సినిమాలో నిజం చెబితే దిద్దుకుంటారని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆ సినిమావాళ్ళ మీద కన్నా ఎక్కువ బాధ ఆయన మీదే కలుగుతుంది.

ఆ కొండల మీద ఏం జరిగిందో రఘు తిరిగొచ్చి చెప్పాడు. పారశీకులందరికీ ఒళ్ళంతా నల్లరంగు, పళ్ళకు గార, ముక్కులకు ఇనుప కొక్కేలు. నడుముకు గోచీలాంటి తోలుముక్క. ఐర్లండు గాలికి గజగజ వణుకుతూంటే ఆ రంగు మీద నూనె పూశారట. రాజు వేషం వేసినవాడు ఐర్లండువాడే, కార్క్‌వాడు. మెడనిండా గొలుసులు, కాళ్ళకింద మనుషులు. గ్రీకుల తెల్లబట్ట కప్పుకుని నిలబడ్డ ఆగా ఇదంతా చూసి, కాగితాల అట్ట పట్టుకుని తిరుగుతున్న ఒక యువకుడి దగ్గరికి వెళ్ళి, "బాబూ, వీళ్ళు ఇలా బట్టల్లేకుండా తిరగరు. పైజామాలు తొడుక్కుంటారనే కదా గ్రీకులు వాళ్ళని ఎగతాళి చేసింది" అని చెప్పారట. అతను "చాలా ఆసక్తిగా ఉంది సార్" అని వెళ్ళిపోయాడట. తర్వాత రఘు, చచ్చేటప్పుడు తనేం అనాలని సినిమావాళ్ళను అడిగాడు. ఏమీ అనక్కర్లేదు, వాళ్ళకు మాటలుండవు, గర్జిస్తే చాలు అన్నారు. ఎలా అని అడిగితే, "జంతువులా" అన్నారు.

"నాకు గప్పుడు మస్తు కోపమొచ్చింది సుజాతా" అన్నాడు రఘు. "ఆగా దగ్గరికి పోయిన. ఒక్క ముక్క నేర్పుండ్రి, మీ భాషల చెప్త అన్న." ఆగా కాసేపు ఆలోచించి నేర్పిన ముక్క: మన్ హమ్ మాదర్ దారమ్. నాకూ తల్లి ఉంది. రఘు దాన్ని జపంలా అనుకుంటూ కొండెక్కాడు. కెమెరా తిరిగింది. గ్రీకువాడు బల్లెం దించాడు. రఘు వెల్లకిలా పడుతూ, కొండ మారుమోగేలా ఆ మాట అరిచాడు. ఎవరూ కట్ చెప్పలేదు. చాలా బాగా వచ్చిందని భుజం కూడా తట్టారట. ఆ రాత్రి మహీన్ ఖానుం రఘు చెవుల వెనక మిగిలిన నల్లరంగు వేడినీళ్ళ గుడ్డతో తుడుస్తూ, ఆ వాక్యం వాడిచేత మళ్ళీ మళ్ళీ అనిపించి, ఉచ్చారణ దిద్దింది. ఆ ఇంట్లో అంత సంతోషంగా ఉన్న రోజు నాకు ఇంకొకటి గుర్తులేదు. వేలమంది చూసే సినిమాలో ఒక్క పారశీకుడైనా మనిషిలా మాట్లాడతాడు. ఆ మాట చాలనుకున్నాం.

సినిమా డండాక్ వచ్చాక నలుగురం మధ్యాహ్నం ఆటకు వెళ్ళాం. ఆగా టోపీ పెట్టుకున్నారు. మహీన్ ఖానుం అత్తరు పూసుకుంది. తెర మీద ఏం చూశామో వివరంగా రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మనిషి మాంసం నంజుకున్నట్టు నాలుకలు చాపే మూకలు, గుట్టలు గుట్టలుగా కొండమీంచి తోసేసిన శవాలు, ప్రతి శవానికీ హాల్లో ఒక కేక, ఒక ఈల. ఏథెన్స్ సభలో తల ఊపుతున్న ఆగా రెప్పపాటు కాలం కనిపించారు. ఆయన పక్కన ఉన్నవాళ్ళందరి నోళ్ళలోంచి స్వేచ్ఛ, న్యాయం, చట్టం అనే మాటలే. అప్పుడు రఘు వచ్చాడు. బల్లెం దిగింది. వాడి పెదాలు స్పష్టంగా కదిలాయి. ఆ కదలిక మీద పులిదో ఎలుగుదో ఒక గర్జన అతికించారు. హాలంతా ఘొల్లున నవ్వింది.

మహీన్ ఖానుం లేచి నిలబడింది. "వాడు తనకూ తల్లి ఉందని చెబుతున్నాడు!" అని ఇంగ్లీషులో అరిచింది. "మాట్లాడుతున్నాడు! మీరు వినడం లేదు!" కూర్చోమ్మా అన్నారు ఎవరో. ఆవిడ కూర్చోలేదు. మళ్ళీ అదే మాట అంది. అప్పుడు వెనక వరసలోంచి ఒక కుర్రాడు, తెర మీద విన్న ఆ గర్జనను అచ్చంగా అనుకరించి, ఆవిడ వైపు గర్జించాడు. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. మేనేజరు టార్చి పట్టుకుని వచ్చి, బయటికి రాకపోతే గార్డ్స్‌ని అంటే పోలీసుల్ని పిలుస్తానన్నాడు. ఆ వెలుగు ఆవిడ మొహం మీద ఆడుతూంటే ఆగా లేచి, టోపీ సర్దుకుని, "ఆ అవసరం లేదు, మేం వెళ్తున్నాం" అని ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు. బయట సన్నగా వాన. రఘు గోడకు ఆనుకుని, "థూ, థూ" అని ఉమ్ముతూనే ఉన్నాడు. మహీన్ ఖానుం తన రుమాలు తీసి వాడి మొహం తుడిచింది.

ఆ తర్వాత ఆ ఇంటి తగువు అక్కడితో ఆగిపోయింది. మహీన్ ఖానుం పెర్షియన్ అనడం మానేసింది. ఆ మాటను వాళ్ళు పాడుచేశారు, ఇక నోట్లో పెట్టుకోలేను అంది. ఇరానియన్ అనడం మొదలుపెట్టింది. అంతవరకూ ఆ మాట కోసం పోట్లాడిన ఆగా మాత్రం, ఏ దేశం అని ఎవరైనా అడిగితే, "ఇక్కడే, డండాక్" అనేవారు. ఇంకా తరచి అడిగితే వాతావరణం గురించి మాట్లాడేవారు. రాతిబొమ్మల కథ ఆయన నోట మళ్ళీ వినలేదు. రెండున్నర గంటల వినోదం కోసం ఎక్కడో కూర్చుని ఎవరో అల్లిన చెత్త, ఒక పెద్దమనిషి నోట్లోంచి ఆయన ఊరి పేరు ఊడబెరికింది. దీన్ని కళ అంటారు. దీనికి బహుమతులు ఇస్తారు.

ఇప్పుడు రోజులు మారాయి. నేనుంటున్న మెయ్‌నూత్ వీధిలో నడిస్తే పది అడుగులకొక తెలుగు మాట వినిపిస్తుంది. రఘు ఇక్కడే ఇల్లు కొనుక్కున్నాడు. పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఐటీలో పెద్ద ఉద్యోగం. మన సినిమాలు వచ్చినప్పుడు డబ్లిన్‌లో హాలు మాట్లాడేదీ, అందరినీ పోగుచేసేదీ అతనే. మంచివాడు. ఆగా చివరి రోజుల్లో ఆస్పత్రికి తిప్పిందీ, శవపేటిక భుజాన మోసిందీ అతనే. మహీన్ ఖానుం ఒక్కతే ఇంట్లో కుమిలిపోతోందని, ఆవిణ్ణి తీసుకొచ్చి కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంచుకోమని నాకు చెప్పిందీ అతనే. ఆవిడ వచ్చిన వారానికి ఫోన్ చేశాడు. "ఖానుంను గూడ తోలుకరా. మన చరిత్ర సిన్మా. జెర మనసు మళ్ళుతది."

తీసుకెళ్ళాను. హాలు నిండా మనవాళ్ళే. పట్టుచీరలు, పిల్లలు, సమోసాల వాసన. చాలామంది ఆవిడకు నమస్కారం పెట్టి వంగి పలకరించారు. సినిమా మొదలైంది. ఒక కోట, ఒక రాజు, కోట మీదికి దండెత్తి వచ్చిన పారశీక సేనాని. కళ్ళనిండా కాటుక, మండుటెండలో భుజాల మీద బొచ్చు, నెత్తురు కారుతున్న మాంసపు ముక్కను పళ్ళతో చీలుస్తూ నవ్వు. మధ్యమధ్యలో ముక్కలు ముక్కలుగా పారశీకం. వాడి వెనక వేలమంది సైనికులు. వాళ్ళెవరికీ మొహాల్లేవు, మాటల్లేవు, ఒకటే అరుపు. మన రాజు కత్తికి వాళ్ళు గడ్డి కోసినట్టు తెగిపడుతూంటే మనవాళ్ళు లేచి ఎగిరారు. కాగితం ముక్కలు చల్లారు. అందరికన్నా ముందు, తెరకు దగ్గరగా నిలబడి ఈల వేస్తున్నవాడు రఘు. నేను పక్కకు తిరిగి మహీన్ ఖానుంను చూశాను. ఆవిడ తెరనే చూస్తోంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

ఆట అయ్యాక వరండాలో రఘును పట్టుకున్నాను. చొక్కా చెమటకు తడిసింది, చేతిలో ఇంకా కాగితం ముక్కలున్నాయి. "రఘూ, వాళ్ళను ఎట్ల చూపించిన్రో చూసినవా?" అన్నాను.

"ఎవల్ని? గా సేనాపతినా? మస్తు చేసిండు గదా!"

"సైనికుల్ని. నువ్వు గట్లనే పండుకుంటివి గదా, ఆ కొండల మీద."

అతని మొహం కొంచెం మారింది. అంతలోనే నవ్వాడు. "అది వేరేనే సుజాతా. అది ఇంకోళ్ళు తీసిండ్రు. ఇది మనోళ్ళు తీసిండ్రు. మన చరిత్ర మనం చూపించుకోవద్దా?" అంటూనే మహీన్ ఖానుం వైపు తిరిగి, వంగి, ఇంగ్లీషులో ఎంతో ప్రేమగా అడిగాడు, ఎలా ఉంది ఖానుం అని.

"గ్రాండ్" అంది ఆవిడ. ఈ దేశంలో ఇంక మాట్లాడటం ఇష్టం లేనప్పుడు వాడే మాట అది. రఘు సంతోషించాడు.

కారులో కూర్చున్నాక నేను ఉండబట్టలేక అడిగాను. ఫ్యూనరల్ హోమ్‌లో ఆ మనిషికి థాంక్యూ ఎందుకు చెప్పారు, ఇప్పుడు గ్రాండ్ అని ఎందుకన్నారు, అప్పుడు లేచి నిలబడిన మనిషి మీరే కదా అన్నాను. ఆవిడ సీటుబెల్టు పెట్టుకోవడానికి కాసేపు తంటాలు పడి, అన్నది: "ఆ రోజు హాల్లో నేనెవరినీ ఎరగను. అందుకని అరిచాను. ఆ ముసలాయన మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటాడు, ఆగా జబ్బుపడితే రోజూ సూప్ తెచ్చిపెట్టాడు. ఈ హాల్లో సగంమంది ఎప్పుడో ఒకప్పుడు రఘు వెంట వచ్చి నా చేతి అన్నం తిన్నారు. ఆ అబ్బాయి నా మొగుడి పేటిక మోశాడు. ఎవరి మీద అరవమంటావు సుజాతా?"

కారు తాళాలు ఆవిడ ఒళ్ళో పెట్టి నేను దిగి, మళ్ళీ లోపలికి వెళ్ళాను. వరండాలో అందరూ ఫోటోలు దిగుతున్నారు. ఆవిడ అరవలేనిది నేను అరిచాను, శుద్ధమైన హనుమకొండ తెలుగులో. రఘును చూపించి, ఈ పెద్దమనిషిని ఇంటికి పిలిచి అన్నం పెట్టిన జాతి అది, మీకు నోళ్ళు ఉన్నాయి కాబట్టి వాళ్ళ నోళ్ళు కోసేస్తారా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆంటీకి ఏమైంది అని ఒక పిల్ల వాళ్ళమ్మను ఇంగ్లీషులో అడిగింది. ఒకాయన ఫోనెత్తి నన్ను వీడియో తీశాడు. మన చరిత్ర మీద అంత కడుపుమంట ఎందుకమ్మా అని ఇంకొకాయన అడిగాడు. రఘు తల దించుకుని పిల్లల కోట్లు వెతుకుతూ ఉండిపోయాడు.

ఇప్పుడు సినిమాలకు నన్నెవరూ పిలవడం లేదు. రఘు ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. మహీన్ ఖానుం మాత్రం డండాక్ నుంచి ప్రతి ఆదివారం అతనితో మాట్లాడుతుంది, పిల్లల జలుబులు కనుక్కుంటుంది, నువ్వే ముందు మాట్లాడరాదా అని నాకు చెబుతుంది. ఆవిడది పెద్ద మనసు. నాకు ఇంకా రోతగానే ఉంది.